జాకబ్ గారి కూడిక

ప్రతి ఉదయం ప్రార్థన ముగించుకున్నాక పుష్పకుమారి ‘శారదా తీరం’ దినపత్రికను వెనక పేజీ నుంచి చదివేది. చనిపోయినవారి ప్రకటనలు ఉండేది అక్కడే. ఒక్కొక్క పేరూ పైకి చదివి, ఎరిగినవారైనా కాకపోయినా, ఆ ఇంటివాళ్లను ఓదార్చమని దేవుణ్ణి అడిగాకే టీ నీళ్లు పొయ్యి మీద పెట్టేది.

అనకాపల్లి బెల్లం ధరలు చుట్టుపక్కల రైతులకు పొద్దున్నే తెలియాలని త్రినాధరావు గారు పెట్టిన పత్రిక అది. సీసపు అక్షరాలు కూర్చే పనికి పుష్పకుమారి లంగా ఓణీల నాడే చేరింది. ఆయన పోయాక కొడుకు దేవీప్రసాద్ అందుకున్నాడు. అక్షరాల పెట్టెలు పోయి కంప్యూటర్ వస్తే ఆమె అదీ నేర్చుకుంది. చర్చి ప్రకటనలన్నీ ఆమే చూసేది.

రెండువేల నాలుగులో ఒక ఉదయం వెనక పేజీలో, తను అన్నయ్యా అని పిలిచే జాకబ్ పేరు చూసి ఆమె దాన్ని రెండోసారి చదివింది. నల్లగీతల మధ్య ఫోటో, కింద ‘జ్ఞాపకార్థ కూడిక’ అని ప్రార్థన సభ ప్రకటన. ఆపరేషన్ నుంచి కోలుకుని నిన్న మధ్యాహ్నం తన గుమ్మం ముందు నిలబడి పలకరించిన మనిషి! తను జ్వరంతో నిన్న పెందరాళే ప్రెస్సు నుంచి ఇంటికి వచ్చేసింది. ఆ తరవాతే అక్కడ ఏదో పొరపాటు జరిగింది.

ప్రెస్సుకు పరుగెత్తింది.

“జాకబ్ గారి భార్య ఆయన ఫోటో పంపించి, ఆదివారం కూడికని ఫోన్లో చెప్పింది పుష్పమ్మా. ఆపరేషన్ తేడా కొట్టిందనుకున్నాను. కూడికంటే పోయినోళ్లకే కదా?” అన్నాడు దేవీప్రసాద్.

“బతికినందుకూ పెట్టుకుంటాం బాబూ. అది కృతజ్ఞత కూడిక.”

ఆయన తల పట్టుకుని కూలబడ్డాడు. ఆమె ఆలోచన మాత్రం మాకవరపాలెంలో ఉన్న జాకబ్ తల్లి బుల్లమ్మ మీదికి పోయింది. గుండె జబ్బు మనిషి. ఇంట్లో ఫోను లేదు. ఆ ఊరి పత్రికల కట్ట తొలి బస్సుకే వెళ్లిపోయింది. కొడుకును కళ్లారా చూపించడం తప్ప దారి లేదు. జాకబ్‌ను వెంటబెట్టుకుని తరవాతి బస్సెక్కింది.

“నా ఫోటో ఇంత బాగా ఎప్పుడూ పడనేదు పుష్పా,” అన్నాడు జాకబ్.

“నోరు మూసుకుని ప్రార్థన సెయ్యి అన్నయ్యా!”

మాకవరపాలెంలో దిగగానే పత్రికలు కూడా అమ్మే టీకొట్టు తాతబ్బాయి చేతిలోంచి గ్లాసు జారిపోయింది.

“ఓర్నాయనో! జాకబ్బావా, నువ్వు ఉన్నావేటి?”

“ఉన్నాన్రా మావా. మా అమ్మకి తెలిసిపోయిందా?”

“తెలీనిత్తానేటి? కట్ట మీద నేనే కూకున్నాను. పేపరు రానేదని అందరికీ సెప్పేను. మీ ఇంటికాడి నుంచి ఎవులో ఒకలు వచ్చి, మెల్లగా సెప్తారని.”

పొద్దుటి నుంచి ఎవరికీ ఒక్క పత్రిక అమ్మలేదు. పుష్పకుమారి ఆయనకు రెండు చేతులూ జోడించింది.

అరుగు మీద గంజి తాగుతున్న బుల్లమ్మ కొడుకును చూసి లేచింది. జాకబ్ పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, జరిగిందంతా చెప్పాడు. ఆమె కొడుకు మొహం, భుజాలు తడిమి తడిమి చూసుకుంది. చివరికి, “ఆ పేపరాయన పిచ్చి బాబు” అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక పుష్పకుమారి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది.

“పెద్దమ్మా, నాకో సాయం సెయ్యాలి. మా దేవీప్రసాద్ బాబు సిగ్గుతో ఎవులికీ మొహం సూపించనేకుండా ఉన్నారు. నేను పిలిత్తే ఆదివారం కూడికకి రారు. ‘మా వోడు బతికినందుకు బోయినానికి రా బాబూ’ అని నీ నోటితో ఒక్క కబురెట్టవా?”