నడవకుండా కొట్టిన మేకు

1979 ఆగస్టులో అనంతపురం జిల్లా దక్షిణాన ఉన్న ఒక తాలూకాకు నన్ను స్టాటిస్టికల్ అసిస్టెంటుగా వేశారు. తాలూకా పేరు చెప్పను. చెబితే అప్పటి మా పై అధికారి ఎవరో తెలిసినవాళ్ళు పోల్చుకుంటారు, ఆయనకు అంత పేరు రావడం నాకిష్టం లేదు. కచేరీలో తహసీల్దారు గదికి మాత్రం నున్నటి తాడిపత్రి బండలు పరిచి ఉండేవి. నా బల్ల వరండాలో, రికార్డు గది తలుపుకూ నీళ్ళ కుండకూ మధ్య వేశారు. కుండ దగ్గరికి వచ్చిన ప్రతివాడూ నా కాగితాల మీద నాలుగు చుక్కలు చల్లి పోయేవాడు.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఒక ఉపన్యాసం. ఈ మధ్య మా రిటైరైన ఉద్యోగుల సమావేశానికి ఒక సైకాలజీ లెక్చరరు వచ్చాడు, ఆయనా రిటైరైనవాడే. కొందరు మనసులో ఎందుకు నిలిచిపోతారన్నది విషయం. ప్రేమించినవాళ్ళు, మేలు చేసినవాళ్ళు, దారి చూపినవాళ్ళు మిగిలిపోతారట. చప్పట్లు కొట్టాం. తర్వాత టీ తాగుతూ ఒక్కొక్కరూ తమ మహానుభావుల్ని తలుచుకున్నారు. ఒకాయనకు చిన్ననాటి పంతులు, ఇంకొకాయనకు ఫలానా కలెక్టరు. ఆ కలెక్టరు బతికి ఉన్నంతకాలం ఈయన ఆయన్ని తిట్టని రోజు లేదు.

నేనూ వెతుక్కున్నాను. సర్వీసంతా ఎందరో దొరలకు లేచి నిలబడ్డాను, ఒక్కరి ముఖమూ సరిగా గుర్తు రాలేదు. నాకు ప్రమోషను ఇప్పించిన పెద్దమనిషి ఇంటిపేరైనా తట్టలేదు. తట్టింది ఓబుళమ్మ. ఆమె నాకు మేలు చేయలేదు, కీడు చేయలేదు. నాతో మొత్తం మూడుసార్లు మాట్లాడింది.

మా పని వేరుశనగ పంట కోత ప్రయోగం. ఊరికి రెండు చేలు. ఏ చేను అన్నది మా ఇష్టం కాదు. అచ్చు వేసిన అంకెల పట్టికలో ఏ సర్వే నంబరు వస్తే అది. చేను తేలాక అదే పట్టిక ఇంకో రెండు అంకెలిస్తుంది. చేని నైరుతి మూలలో నిలబడి, పొడవునా ఇన్ని అంగలు, అడ్డంగా ఇన్ని అంగలు నడవాలి. ఆగినచోట మేకు కొట్టాలి. అక్కడినుంచి తాడు పట్టి ఐదు మీటర్ల చదరం గీసి, లోపలి చెట్లన్నీ పెరికించి, కాయలు తెంపించి, తూచి ఫారంలో రాయాలి. రైతు ఇష్టమూ అధికారి ఇష్టమూ అందులో చొరబడకూడదు. పైరు బాగుందనో మాడిందనో మేకు జరిపితే ఆ అంకె చెత్తబుట్టకే. శిక్షణలో దీన్ని మాకు దేవుడి మాటలా నూరిపోశారు. నేనూ అలాగే నమ్మాను, కనీసం నమ్మినట్టు నడిచాను.

ఆ ఏడు వాన విత్తనం వేసేనాటికి పలకరించి, కాయ ఊరే వేళకు మొహం చాటేసింది. మామూలుగా పంటను రెవెన్యూవాళ్ళు గట్టు మీద నిలబడి కంటితో చూసి, పదహారణాలకు ఇన్ని అణాల పంట అని రాసేవారు. కరువు ఊళ్ళ జాబితా దాన్నిబట్టే తయారయ్యేది. ఆ చూపు ఎవరి ఇంట్లో భోజనం చేస్తే అటు తిరుగుతుందని పైవాళ్ళకు ఆలస్యంగా తెలిసి, ఈసారి మా కోత అంకెలు చూసి తేల్చమన్నారు. జిల్లా మొత్తానికి సగటు తీయడానికి పుట్టిన పద్ధతిని, రెండంటే రెండు చేలతో ఒక ఊరి తలరాత రాయడానికి వాడడం తెలివితక్కువ పని. ఆ మాట మా కచేరీలో ఎవరూ అనలేదు, నేను కూడా. మా సగటు ఒక హద్దుకు తక్కువైతే ఆ ఊళ్ళో పశువులకు గడ్డి డిపో తెరుస్తారు. ఎక్కువైతే తెరవరు. డిపో లేని ఊరి ఎద్దులు ఎండాకాలంలో ఎక్కడికి పోతాయో ఆ సీమలో పసిపిల్లలకూ తెలుసు.

అక్టోబరు చివర ఒక పల్లెకు పోయాను. పట్టికలో వచ్చిన మొదటి చేను ఓబుళమ్మది. యాభై ఏళ్ళ మనిషి. మొగుడు పోయి నాలుగేళ్ళైనా పట్టా అతని పేరు మీదే ఉంది, కాబట్టి ఫారంలో నేనూ అతని పేరే రాశాను. చేని వార ఒక జత ఎద్దులు కట్టేసి ఉన్నాయి. డొక్కలు లోపలికి పోయినా వాటి ఒళ్ళు శుభ్రంగా ఉంది, కొమ్ములకు నూనె కూడా రాసింది.

నేను నైరుతి మూలన నిలబడి, ఊరివాళ్ళు చూస్తుండగా పెళ్ళికొడుకులా ఒక్కో అంగా లెక్కపెట్టుకుంటూ నడిచాను. చేనంతా పసుపుబారి నేలకు అంటుకుని ఉంది. నా మేకు పడినచోట మాత్రం నాలుగు మంచాలంత మేర పైరు నల్లగా, గుబురుగా ఉంది.

ఓబుళమ్మ వచ్చి మేకు పక్కన కూర్చుంది. "ఈడ గొర్రెల మంద నిలిపినాం సామీ, ఎండాకాలంలో. గొర్రెలోళ్ళు మూడు దినాలుండి ఎలబారి పోయినారు. ఈ తావొకటే కాసింది. ఇది చూసి ఊరంతా ఇట్లే ఉండాదని రాస్తే మా ఎద్దులకు గడ్డి యాడ వస్తాది?" అంది.

"రూలమ్మా. మేకు యాడ పడితే ఆడే కోయాల," అన్నాను.

"అయితే ఇది కొయ్యి. ఇది మంద నిలిపిన తావని ఒక మాట రాయి," అంది.

ఆమె అడిగింది తప్పు కాదు. ఫారం అడుగున 'విశేషాలు' అని ఒక గడి ఉండేది, ఇలాంటివాటి కోసమే. మాది ధర్మవరంలో మగ్గాల కుటుంబం. పోగు తెగితే ఎలా కలపాలో తెలుసుగానీ, మూడు రాత్రులు పడుకున్న మంద పెంట నేలకేం చేస్తుందో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నా చేతిలోని ప్రభుత్వ టేపు అడ్డం వచ్చింది. ఆ గడిలో 'ఏమీ లేవు' అని రాశాను. ఆమెకు చదువు రాదు, అయినా నేనెంత తక్కువ రాశానో చూసింది.

"సరే. అందరికీ అదే రూలైతే మంచిదే," అని లేచింది.

రెండో చేను అదే ఊరి మునసబుది. నాలుగు రోజుల తర్వాత దానికి మా పై అధికారి తనిఖీకి వచ్చాడు. కొన్ని ప్రయోగాలు ఆయన కళ్ళముందు జరగాలన్నది నిబంధన. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి. జీపులోంచి ఒక కాలు బయటపెట్టి, నేలను చూసి, మళ్ళీ లోపలికి తీసుకున్నాడు. పట్టిక ప్రకారం మేకు పడాల్సింది చేని ఆ చివర, రాళ్ళ మిట్ట మీద, పైరు పూర్తిగా మాడిపోయినచోట. జీపు ఆగింది రోడ్డు వార పల్లంలో. అక్కడ తేమ నిలిచి పైరు కాస్త కళగా ఉంది.

అంతదూరం ఎందుకండీ, చేను చేనే కదా, ఇక్కడే కానిచ్చేయండి అన్నాడాయన. మునసబు తన ఇంటి వైపు చూశాడు. ఆయన దిగులంతా అధికారి కోసం చేయించిన వంట చల్లారిపోతుందని. నేను జీపుకు పదడుగుల దూరంలో మేకు కొట్టాను. ఫారంలో మాత్రం పట్టికలో ఉన్న అంగలే, ఒక్కటి తగ్గకుండా రాశాను. నా చేతిరాత బాగుంటుందని ఆ అధికారి ఆరోజు మెచ్చుకున్నాడు.

చెట్లు పెరకడానికి కూలికి వచ్చిన ఆడవాళ్ళలో ఓబుళమ్మ ఉంది. తాడు ఒక కొస ఆమే పట్టుకుంది. గొంతు పెంచకుండా, నాకు మాత్రం వినపడేటట్టు అడిగింది: "మా సేన్లో అంగలేసుకుంటా నడిచినావు గదా సామీ. ఈడ నడవకుండానే మేకు కొట్టినావే?"

ఆమె పెదవులు కదలడం చూసి అధికారి జీపులోంచే, ఏమంటోంది ఆవిడ అని అడిగాడు.

"మీకు మంచినీళ్ళు కావాలేమోనని అడుగుతోంది సార్," అన్నాను.

అంత చులాగ్గా నోట్లోంచి వచ్చింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను అంతకన్నా పెద్ద అబద్ధాలు రాశాను, కానీ ఇంత నీచమైనది చెప్పలేదు. ఓబుళమ్మ నావైపు చూసింది. తాడు కింద పెట్టి, చేని మూల చెట్టు కింద పెట్టిన కడవ దగ్గరికి పోయి, చెంబు కడిగి నీళ్ళు తెచ్చి అధికారికి ఇచ్చింది. ఆయన తాగి, మనిషి మర్యాదస్తురాలు అన్నాడు. మిగిలిన నీళ్ళు ఆమె నాకు అందించింది. "నువ్వూ తాగు సామీ," అంది. తాగాను. ఆమె మళ్ళీ తాడు అందుకుంది.

ఆ రెండు చేల సగటు హద్దు దాటింది. ఆ ఊరు కరువు జాబితాలో చేరలేదు. వంక అవతలి ఊరికి డిపో వచ్చింది. అదే వాన, అదే నేల, అదే మాడిన పైరు. ఓబుళమ్మ ఊరివాళ్ళు అర్జీ పెడితే మా అధికారి నా ఫారాలు చూపించి, ఇవి శాస్త్రీయంగా తీసిన అంకెలు అని సమాధానం రాయించాడు. ఆ సమాధానం చిత్తుప్రతి నేనే రాశాను.

మార్చిలో నేను సంతకు పోయాను, విహారానికి కాదు. ధాన్యం, గడ్డి, పశువుల ధరలు సంతలో అడిగి రాసుకోవడం మా ఇంకో పని. 'ఎద్దుల జత, మధ్యరకం' అని ఫారంలో ఒక వరుస ఉండేది. అప్పుడే బేరమైన జత దగ్గరికి పోయి ధర అడగడం పద్ధతి. మెడ పలుపులు విప్పి ఎద్దుల్ని కొన్నవాడికి అప్పగిస్తున్న మనిషి ఓబుళమ్మ అని దగ్గరికి పోయేదాకా నేను గుర్తుపట్టలేదు. కొన్నవాడు దున్నుకునే రైతు కాదని, కబేళాకు తోలేవాడని అతని చేతికర్ర చూస్తేనే తెలిసిపోతోంది. ఎద్దుల కొమ్ములకు ఆ రోజూ నూనె రాసే ఉంది.

పెన్సిలు చేతిలో ఉంది. వెనక్కి తిరిగిపోవచ్చు. పోలేదు, ఎందుకంటే ఆ వరుస ఖాళీగా ఉంటే పైనుంచి మెమో వస్తుంది. ఎంతకు పోయినాయమ్మా అని అడిగాను.

ఆమె కోపంగా లేదు. ఏడవనూ లేదు. "రాసేది నువ్వే గదప్పా. ఏమని తోస్తే అది రాసుకో," అని చెప్పి, పలుపు విప్పేసిన మెడలను ఒకసారి తుడిచి, జనంలోకి పోయింది. నేను పోయిన వారం ధరనే మళ్ళీ రాశాను. ఎవరూ అడగలేదు.

ప్రేమించినవాళ్ళు నిలిచిపోతారన్న లెక్చరరు ఇంకో మాట కూడా చెప్పాడు, సగంలో ఆగిపోయిన పనులు మనసును వదలవని. నాకది నవ్వొచ్చింది. నా పని ఏదీ సగంలో ఆగలేదు. కోత, తూకం, సగటు, సమాధానం, అన్నీ వేళకు పూర్తయ్యాయి, సంతకాలతో సహా. ఆమె గుర్తుండడానికి పశ్చాత్తాపం కూడా కారణమని నేననుకోను. పశ్చాత్తాపం ఉన్నవాడు సంత జరిగిన సాయంత్రమే ఆమె ఊరికి బస్సెక్కేవాడు. నేను ఇంటికి పోయి అన్నం తిన్నాను.

నాకు తెలిసింది ఇది. మెచ్చుకున్నవాళ్ళను మరిచిపోవడం సులువు, ఎందుకంటే వాళ్ళు మనల్ని చూడలేదు. తిట్టినవాళ్ళను మరిచిపోవడమూ సులువే, వాళ్ళ మీద మనకో కోపం మిగిలి ఆ మరిచే పని కానిస్తుంది. మనం చేసింది ఉన్నదున్నట్టు చూసి, ఒకసారి అడిగి, ఆ తర్వాత అడగడం మానేసినవాళ్ళే మనసులోంచి పోరు. ఓబుళమ్మ మొదటిసారి నన్ను బతిమాలింది, రెండోసారి నిలదీసింది, మూడోసారి వదిలేసింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి చేనిలోనూ అంగలు లెక్కపెట్టుకుంటూనే నడిచాను, పై అధికారి జీపు పక్కన లేనప్పుడు.