తూర్పు గోడలో ఆంటీ

ట్రాయ్‌లో మేం కొన్న పాత ఇంటికి వినైల్ సైడింగ్, అదే బయటి గోడల మీద తొడిగే ప్లాస్టిక్ పలకలు, మేమే వేసుకున్నాం. గృహప్రవేశానికి ఫాల్గుణంలో ముహూర్తం కుదిరింది. మిషిగన్‌లో ఫాల్గుణమంటే వేళ్ళు కొంకర్లు పోయే చలి. ఆ సంగతి పంతులుగారికి చెప్పేదెవరు! వెలిసిపోయిన గోడల మధ్య పాలు పొంగించనని మొండికేసింది మాత్రం నేనే. కిటికీల మీద వాన నీళ్ళు లోపలికి దిగకుండా ఫ్లాషింగ్ రేకు, మూలలకు పట్టీలు, ఆపైన పొడుగాటి పలకలు. మా ఆయన కొలిచి కోసిస్తే నేను మేకులు కొట్టేదాన్ని.

"అంత బిగించకు. ఎండకి పలక సాగుతుందట. మేకు తల కింద కాస్త సందు వదలమన్నారు, చివర్లలో కూడా," అన్నాడాయన.

"సందులు కనపడితే చూసినవాళ్ళు నవ్విపోతారు. మీరు ఊరుకోండి!"

తూర్పు గోడంతా మేకులు గట్టిగా దిగేశాను. గీత గీసినట్టు కుదిరింది. నాకే ముచ్చటేసింది.

మే నెలలో మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి, అయిదేళ్ళ మా అమ్మాయి గదిలో, గోడ అవతల టక్... టక్. కాసేపాగి మళ్ళీ టక్. బయటికెళ్ళి చూస్తే ఎండ తప్ప ఎవరూ లేరు. సాయంత్రం చల్లబడ్డాక మళ్ళీ అదే.

"అమ్మా, ఆంటీ నాక్ చేస్తోంది. లోపలికి రావాలంట," అంది పిల్ల. పెద్దవాళ్ళెవరైనా దానికి ఆంటీయే.

నాకూ భయమేసింది. అది పైకి కనపడకూడదని కసిరాను. "నోర్ముయ్! ఆంటీ లేదు, గీంటీ లేదు!"

ఆ తర్వాత నాతో చెప్పడం మానేసింది. ఆ గదిలో పడుకోవడమూ మానేసింది. పొద్దున పాలగ్లాసు ముందు పెట్టుకుని తూర్పు వైపే చూస్తూ కూర్చునేది. పిల్ల చిక్కి సగమైంది.

ఒక శనివారం మా ఆయన ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి పిలిచాడు. "ఇలా రా. పలకలు ఉబ్బుతున్నాయి. జారడానికి చోటు లేక మేకుల దగ్గర కొట్టుకుంటున్నాయి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజంతా పలకలు ఊడదీసి, చివర్లు కాస్త కోసి, చేత్తో తోస్తే కదిలేలా వదులుగా తగిలించాం.

ఆదివారం ఎనిమిదింటికి మా ఆయన పిల్లని ఎత్తుకుని ఆ గదిలోకెళ్ళాడు. నేను బయట సుత్తి పట్టుకుని నిలబడ్డాను. ఎండ పడింది. చప్పుడు లేదు. కాసేపటికి లోపల్నుంచి మెల్లగా రెండు దెబ్బలు. పిల్ల తట్టి చూస్తోంది! నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో సుత్తి పిడితో నేనూ రెండుసార్లు తట్టాను.

కాసేపటికి పిల్ల చెప్పుల్లేకుండా పెరట్లోకి వచ్చింది. సుత్తి చూసింది, నా మొహం చూసింది.

"ఆంటీ నువ్వేనా అమ్మా? ఎవ్రీ డే?"

అందులో అబద్ధమేముంది? ఆ మేకులు బిగించింది నేనే. "అవునమ్మా, నేనే. ఇక భయం లేదు," అన్నాను.

ఆ మధ్యాహ్నం మారాం చేయకుండా తన గదికే వెళ్ళి పడుకుంది. హమ్మయ్య అనుకున్నాను. దుప్పటి కప్పుదామని వెళ్ళి తలుపు తోస్తే తెరుచుకోలేదు. లోపల్నుంచి లాక్ చేసుకుంది. మెల్లగా తట్టాను.

"డాడీ!" అని కేక పెట్టింది. "ఆంటీ వచ్చింది!"