జో స్మిత్ ఇంటిపేరు

నిన్న సాయంత్రం నాలుగూ పదికి పక్కింటివాళ్లు గేటుకు వెల్డింగు చేయించుకున్నారు. కిటికీ తెరిచి ఉండడంతో కాలిన ఇనుము వాసన వంటగదిలోకి వచ్చింది. జో స్మిత్ గుర్తొచ్చారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

ఐర్లండులోని అత్లోన్‌లో మందుల ఫ్యాక్టరీలో చేరినప్పుడు జో నా సూపర్‌వైజర్. అరవై దాటిన మనిషి, మితంగా మాట్లాడేవారు. పాస్‌పోర్టులో ఉన్నట్టే నా బ్యాడ్జి మీద మహేశ్ కమ్మరి అని వేశారు. హైదరాబాద్‌లో చదువుకున్నన్నాళ్లూ నేను కె. మహేశ్‌నే. ఆ పొడి అక్షరం వెనక ఏముందని ఎవరైనా అడిగితే మాట మార్చేవాణ్ణి. కులం తెలిశాక కొందరి పలకరింపు మారడం చూశాను.

ఒకరోజు క్యాంటీన్‌లో గుంటూరు నుంచి వచ్చిన రమణ నా బ్యాడ్జి పట్టుకుని చదివాడు. "కమ్మరోళ్లా మీరు? ఇన్నాళ్లూ చెప్పలేదేం గురూ! మా ఆవిడ కత్తిపీట మొద్దుబారింది, ఎప్పుడు తెమ్మంటావ్?"

అతను నవ్వాడు. నేనూ నవ్వాననిపించాను. ఎదురుగా టీ తాగుతున్న జో ఏమిటని అడిగారు. ఇనుము పని చేసేవాళ్లని అర్థమని చెప్పాను.

"అయితే మనిద్దరిదీ ఒకే పేరు," అన్నారు.

ఇంగ్లండులో ఒకప్పుడు ఊరూరా కమ్మరి ఉండేవాడట. అతన్ని పనిపేరుతో స్మిత్ అని పిలిచేవారు. పిల్లలు ఆ పని మానేసినా పేరు వాళ్లతోనే ఉండిపోయింది. జో పూర్వీకులు మాత్రం ఇంగ్లీషువాళ్లు కారు. ఐర్లండులోనే కావన్ ప్రాంతంలో వాళ్లు మాక్ అన్ గవన్‌లు, ఐరిష్‌లో కమ్మరి కొడుకులు. ఇంగ్లీషు పేరుంటే తప్ప పనులు జరగని కాలంలో అర్థాన్ని అనువదించుకుని స్మిత్‌లయ్యారు. పని మాత్రం మానలేదు. తాతగారి కొలిమిలో ఇనుము చల్లార్చే తొట్టి నీళ్లలో చేతులు ముంచితే పులిపిర్లు పోతాయని జనం వచ్చేవారట.

"పోయేవా?" అన్నాను.

"తాతకే రెండు ఉండేవి," అన్నారు నవ్వకుండా.

ఆ ఏడాదే మాకు పాప పుట్టింది. "దీనికి మీ ఇంటిపేరు వద్దు. నీ పేరే తగిలిద్దాం. నువ్వు పడ్డది చాలదా?" అంది నా భార్య స్వప్న. నాకూ అదే మంచిదనిపించింది. పేరు నమోదు చేయించడానికి సెలవు అడుగుతూ జోకి ఆ సంగతి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నీ పాప, నీ ఇష్టం. మావాళ్లకీ కారణాలు ఉన్నాయి, నేను తప్పు పట్టను. కానీ ఇప్పుడు నన్నెవరైనా మాక్ అన్ గవన్ అని పిలిస్తే పక్కవాణ్ణి పిలిచారనుకుంటాను."

"అంతేనా?"

"అంతే. సెలవు తీసుకో. గ్రాండ్." ఇక్కడ సరే అనడానికి అదే మాట.

ఇంటికొచ్చి స్వప్నకు ఆ మాటే చెప్పి, ఇంటిపేరే ఉంచుదామన్నాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "ఇక్కడివాళ్లకి తెలీదు, సరే. మనవాళ్లకి తెలుస్తుందిగా?"

"తెలియనీ," అన్నాను. ఆ మాట అనడం నాకదే మొదటిసారి. ఆమె నా ముఖంలోకి చూసి, పేరు నమోదు ఫారం నా ముందుకు జరిపింది. పాప మైత్రి కమ్మరి అయింది.

జో పోయినప్పుడు, ఇక్కడి ఆనవాయితీ ప్రకారం ఆయన్ని చివరిచూపు కోసం ఇంట్లోనే ఉంచారు. ఆయన భార్య బ్రైడీ నా చెయ్యి పట్టుకుని కావన్ చుట్టాలకు చూపించింది. "ఈయనా మనవాళ్లే. కమ్మరి." ఎవరూ వింతగా చూడలేదు. ఒకావిడ జరిగి చోటిచ్చింది.

మనవాళ్లలో కొందరి పలకరింపు ఇప్పటికీ మారుతుంది. అయినా అడిగినవాళ్లకు అర్థంతో సహా చెబుతాను. మా ఇంట్లో ఇంటిపేరును పొడి అక్షరంగా రాయడం మానేశాం.