ఫంక్షన్ల వదిన లైబ్రరీ

అత్తవారింట్లో ఆమెను అందరూ ఫంక్షన్ల వదిన అనేవారు. పెళ్లయిన కొత్తలో చిన్నాడపడుచు, ఆఫీసులో నువ్వేం చేస్తావు వదినా అని అడిగితే, ఫంక్షన్లు రాస్తాను అంది. ఆ అమ్మాయి సంబరపడిపోయి, తన స్నేహితురాలి పెళ్లికి మంచి హాలొకటి మాట్లాడిపెట్టమంది. అప్పుడు అంటుకున్న పేరు మరి వదల్లేదు.

నిజానికి ఆమె రాసేది ఊళ్లోని లైబ్రరీలన్నింటికీ పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ప్రోగ్రాము. పురపాలక కార్యాలయంలో జిరాక్స్ మిషను వెనక, కిటికీ తెరుచుకోని గది ఆమెది. చేరిన కొత్తలో ఒక సీనియరు, ఆఫీసంతా వాడే కంప్యూటరు భాష కాదని, అంతా ఫంక్షన్లనే చిన్న చిన్న సూత్రాలతో రాసే ఫంక్షనల్ భాష ఒకటి నేర్పి లైబ్రరీని అందులో కట్టించాడు. ఆ భాషలో ఒకసారి రాసిన విలువ మారదు. ఎవరైనా పుస్తకం తీసుకెళ్తే కంప్యూటర్లో ఉన్న లైబ్రరీ లెక్కను చెరిపి దిద్దరు. అది అలాగే ఉంటుంది, ఆ పుస్తకం బయటికెళ్లినట్టు చూపే కొత్త లెక్క ఒకటి దాన్నుంచి పుడుతుంది. పుస్తకం అరలో ఉండాలి, లేదా ఒక పాఠకుడి దగ్గరుండాలి, కాదంటే బైండింగుకు వెళ్లుండాలి. ఒకే ప్రతి ఇద్దరి దగ్గర ఉందని రాద్దామన్నా ఆమె కట్టిన నమూనాలో చోటు లేదు. ఆ పనితనం చూసుకుని తనలో తనే మురిసిపోయేది. కొన్నాళ్లకు సీనియరు వేరే ఉద్యోగం చూసుకున్నాడు. ఆ భాష తెలిసిన మనిషి ఆఫీసులో ఆమె ఒక్కతే మిగిలింది.

ఆమె భర్త నీటి పరీక్షల ల్యాబులో పనిచేసేవాడు. అతన్ని రైల్లో సగం రోజు దూరమున్న ఊరికి మార్చారు. తననూ అక్కడికి బదిలీ చేయమని ఆమె అర్జీ పెట్టుకుంది. పెద్దసారు చదివి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"నువ్వెళ్తే అదెవరు చూస్తారమ్మా? ఒక్క మనిషిని తయారుచెయ్. మర్నాడే సంతకం పెడతా."

తయారుచేసింది. కొత్తగా చేరిన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఓనమాల నుంచీ నేర్పింది. ఆ పిల్ల చురుకైంది, ఇట్టే అందుకుంది. ఆ భాష వచ్చినందుకే ఒక పెద్ద కంపెనీ ఎగరేసుకుపోయింది. తర్వాత రిటైర్మెంటుకు దగ్గరపడ్డ గుమస్తాను అప్పగించారు. మర్యాదస్తుడు, చెప్పిందానికల్లా తలూపేవాడు. ఒకరోజు మాత్రం, విలువలేవీ మారకపోతే మరి మారుతున్నదేమిటమ్మా అని అడిగాడు. జవాబు ఆమె దగ్గరుంది. చెప్పే ఓపిక లేదు.

సెలవు పెట్టినా సెలవులా ఉండేది కాదు. బజారుకెళ్తే ఫోను సంచిలో కూరల పైన పెట్టుకునేది. ఏదో శాఖలో కంప్యూటరు తెర ఆగిపోయేది. లైబ్రేరియన్ కంగారు, వెనక జనం గోల. ఆమె కొట్టు అరుగు మీద కూలబడి ఏ మీట నొక్కాలో చెప్పేది. తిరిగి లేచేసరికి ఏం కొనడానికి వచ్చిందో గుర్తుండేది కాదు.

చివరికి ఆమే ఒక దారి వెతుక్కుంది. మొత్తాన్నీ ఆఫీసు వాడే మామూలు భాషలో తిరగరాస్తానంది. పెద్దసారు సరేనన్నాడు. పాతదాన్ని కాచుకుంటూనే కొత్తది రాసింది. ఒక చిన్న శాఖలో పెట్టి చూస్తే బాగానే నడిచింది. భర్త అక్కడ ఇల్లు మాట్లాడాడు. ఆమె గాజు గ్లాసులు పాత పేపర్లలో చుట్టడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం కొత్తదాన్ని తరచి చూస్తుంటే, ఒకే పుస్తకం ఇద్దరి పేర్ల మీద కనబడింది. ఆరా తీస్తే సంగతి తేలింది. ఒక పెద్దావిడ పుస్తకం తిరిగిచ్చేసింది. అది తెలియక ఇంట్లో ఆవిడ కోడలు అదే నిమిషంలో ఫోన్లో గడువు పెంచింది. ఈలోగా పుస్తకాన్ని ఇంకెవరో తీసుకెళ్లారు. పాత ప్రోగ్రాములో పనులన్నీ వరసలో ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి, తిరిగొచ్చేసిన పుస్తకానికి గడువేమిటంటుంది. కొత్తది ఒకరి రాత మీద మరొకరిని రాయనిచ్చింది.

ఆ ఒక్కటీ సరిచేసింది. ఇలాంటివి ఇంకెన్నున్నాయో చెప్పే దిక్కు లేదు. ఎవరూ చూడలేదు. గుమస్తా చూడడు, పెద్దసారుకు అర్థం కాదు. నోరు కట్టుకుంటే వచ్చే నెల భర్త దగ్గర ఉంటుంది. కానీ అలాంటి ఇంకో పెద్దావిడకు తాఖీదు వెళ్తుంది, ఇచ్చేసిన పుస్తకం కోసం ఇల్లంతా తిరగేస్తుంది, మతిమరుపు వచ్చిందని కోడలి ముందు చిన్నబోతుంది. చాలాసేపు కూర్చుంది. లేచి వెళ్లి పెద్దసారుకు ఉన్నదున్నట్టు చెప్పింది.

పాతదే ఉండనీ అన్నాడాయన. ఆయన ముఖంలో కోపం లేదు, ఊరటే కనిపించింది. అదే ఆమెకు మరీ కష్టంగా తోచింది.

ఆ సాయంత్రం భర్తకు ఫోన్ చేసి చెప్పింది.

"నువ్వు చెప్పేస్తావని నాకు తెలుసు" అన్నాడు.

అది మెచ్చుకోలో నిష్ఠూరమో ఆమెకు తేలలేదు. అడగలేదు.

పోరగా పోరగా, వారంలో రెండు రోజులు భర్త ఉన్న ఊరి నుంచే పనిచేయడానికి పెద్దసారు ఒప్పుకున్నాడు, ల్యాప్‌టాప్ వెంట ఉండాలన్న షరతు మీద. మొదటిసారి వెళ్లినప్పుడు భర్త తలుపు తీసి, ముందు ఆమె భుజానికున్న సంచీని చూశాడు.

"నువ్వొచ్చావా, లైబ్రరీ వచ్చిందా?"

"ఇద్దరం వచ్చాం."

అతను నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆమె చెప్పులు విప్పేలోపే సంచిలో ఫోను మోగింది. అతను బల్ల దగ్గరి దీపం ప్లగ్గు పీకి, ఆమె ఛార్జరుకు చోటిచ్చి, వంటింట్లోకి వెళ్లాడు.