పెద్దనాన్న పలక దించిన రోజు

పోయిన వారం మదనపల్లెలో మా అమ్మాయి చదివే హైస్కూలు వాళ్ళు తల్లిదండ్రులందరినీ పిలిచి, పిల్లలను మత్తుకు దూరంగా ఉంచడం ఎలాగని ఒక సమావేశం పెట్టారు. వచ్చిన అధికారి తెర మీద బొమ్మలు చూపిస్తూ, చాక్లెట్లలాగా చుట్టి అమ్మే గంజాయి గురించి చెబుతుంటే, నా పక్కన కూర్చున్న తల్లులు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నారు. నేనూ విన్నాను గానీ, మనసు మాత్రం ఎప్పుడో తొంభైల్లోకి, పుంగనూరు దగ్గరి మా పల్లెకు, మా పెద్దనాన్న దగ్గరికి వెళ్ళిపోయింది.

మాది చౌడేపల్లె దారిలో ఒక చిన్న పల్లె. మావాళ్ళంతా టమాటా తోటల్లో కూలి చేసేవాళ్ళు, జాతరలప్పుడు పలకలు వాయించేవాళ్ళు. పలకంటే రాసుకునేది కాదు, మెడకు తగిలించుకుని పుల్లలతో కొట్టే తోలు పలక. గడ్డి మంట వేసి, దాన్ని కాచి, వేలితో మీటి చూసి, ఇంకొంచెం కాచి, చివరికి అది ఖంగుమన్నప్పుడు పెద్దనాన్న మొహంలో కనిపించే తృప్తి మరెప్పుడూ కనిపించేది కాదు. మా మేళానికి ఆయనే పెద్ద. ఆయన కొడుకు, అంటే మా అన్న, పదో తరగతి. నేను తొమ్మిది. ఇద్దరం పుంగనూరు హైస్కూల్లో చదువుతూనే సెలవు రోజుల్లో మేళంతో వెళ్ళేవాళ్ళం.

ఆ రోజుల్లో ఒక అలవాటుండేది, మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మేళం ఊళ్ళోకి రాగానే తాంబూలంతో పాటు సారాయి ప్యాకెట్లు పంచేవాళ్ళు. మన రాష్ట్రంలో సారాయి ఆపేశారని రేడియోలో చెప్పినా, పక్క రాష్ట్రం సరిహద్దు దగ్గరే కాబట్టి అవతలి నుంచి ప్యాకెట్లు వస్తూనే ఉండేవి. పలక పట్టిన ప్రతి చేతికీ ఒక ప్యాకెట్. పట్టినవాడికి మీసాలొచ్చాయా రాలేదా అని ఎవరూ చూసేవాళ్ళు కాదు. భుజం నొప్పి తెలియకుండా ఉంటుందని పెద్దవాళ్ళు తాగేవాళ్ళు, పెద్దవాళ్ళు తాగుతున్నారని పిల్లలు తాగేవాళ్ళు. నాకు ఆ వాసనే పడేది కాదు గనక ఎవరికో ఇచ్చేసేవాణ్ణి. అన్న మాత్రం మొదట జాతరకొకసారి అన్నట్టు మొదలుపెట్టి, తర్వాత జాతర లేని రోజుల్లోనూ వెతుక్కునే దాకా వచ్చాడు.

ఒక సోమవారం ఉదయం బడిలో ప్రార్థన జరుగుతుండగా అన్న వరుసలోనే కుప్పకూలి వాంతి చేసుకున్నాడు. వాసన అందరికీ తెలిసిపోయింది. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్నా సరే, టీసీ ఇచ్చి పంపేస్తామన్నారు హెడ్మాస్టరు. అప్పుడు మా సైన్సు టీచరమ్మ, రోజూ మదనపల్లె నుంచి బస్సులో వచ్చే ఆవిడ, కొన్నాళ్ళు ఆగమని ఆయన్ను బతిమాలి, ఆ సాయంత్రమే మాతో పాటు నడిచి మా ఇంటికి వచ్చింది. పెద్దమ్మ భయపడిపోయి చాప కోసం ఇల్లంతా వెతుకుతుంటే, ఆవిడ అరుగు మీదే కూర్చుని, జరిగింది దాచకుండా పెద్దనాన్నకు చెప్పింది. బడిలో తాను చూసుకోగలనని, జాతరలో చూసుకోవడం తన చేతిలో లేదని అంది.

పెద్దనాన్న తల దించుకుని, "మేమేమన్నా అడిగి తాగుతాండామా టీచరమ్మా? వాళ్ళే ఇస్తారు. వద్దంటే మళ్ళా పిలుస్తారా మమ్మల్ని?" అన్నాడు.

"ఇచ్చేది వాళ్ళే, పెద్దాయనా. మీవాడు తీసుకునేది మాత్రం మిమ్మల్ని చూసి," అని ఆవిడ లేచి బస్సుకు వెళ్ళిపోయింది. ఆ రాత్రి పెద్దనాన్న అన్నను కొట్టలేదు.

ఆ వారంలోనే పక్క ఊరి జాతర. పొద్దున్నే అమ్మవారు ఊరేగింపుకు సిద్ధమైంది, ఆడవాళ్ళు అంబలి కుండలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు. ఆ ఊరిపెద్దే బేసిన్లో ప్యాకెట్లు తెచ్చి పంచుతూ అన్న దగ్గరికి రాగానే, పెద్దనాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిల్లోళ్ళకు వద్దు సామీ."

ఊరిపెద్ద నవ్వాడు. "యాలప్పా? మీ నాయన ఈడనే తాగలా? నువ్వు తాగలా? ఇప్పుడేమి కొత్తగా?"

పెద్దనాన్న మెడలోంచి పలక తీసి నేల మీద బోర్లించాడు. ఒక్క క్షణం ఆగి మావాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు దించేశారు. పలక మోగకపోతే అమ్మవారు కదలదు, మావాళ్ళు ఆ ఊరివాళ్ళకు ఎదురు నిలవడం అంతకు ముందెన్నడూ లేదు. వెనక నుంచి ఎవరో తిట్టారు, ఎవరో తరిమెయ్యమన్నారు.

అప్పుడు ఊరిపెద్ద తల్లి, నెత్తిన కుండతో ముందు వరసలో ఉన్న ముసలామె, కొడుకు వైపు తిరిగి, "బిడ్డలకు వద్దంటాండాడు, అంతే గదా! నీ కొడుక్కైతే పోస్తావా నువ్వు?" అని గట్టిగా అడిగి, కుండ దించి, చల్లని అంబలి మా పిల్లలందరికీ ముంచి పోసింది. పెద్దనాన్న కూడా దోసిలి పట్టాడు. "నాగ్గూడా ఇదే పొయ్యమ్మా," అన్నాడు.

ఊరేగింపు కదిలింది గానీ, ఏళ్ళ తరబడి అలవాటైన మందు లేక పెద్దనాన్న చేతులు వణికి దెబ్బ తప్పుతూ వచ్చింది. అది గమనించిన అన్న పక్కకు జరిగి, ఆయన భుజానికి భుజం ఆనించి, తన దెబ్బ పెంచి, తండ్రి తప్పిన చోటల్లా అందుకుంటూ గుడి దాకా వాయించాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అన్నీ ఒక్కరోజులో బాగైపోలేదు. పెద్దనాన్న తర్వాత కూడా కొన్నిసార్లు జారిపోయి, ఆ సిగ్గుతో మాకు మొహం చూపించలేకపోయాడు. కొన్ని ఊళ్ళవాళ్ళు మమ్మల్ని పిలవడం మానేశారు, ఆ ఎండాకాలం ఇంట్లో సంగటి ముద్దలు చిన్నవయ్యాయి. కానీ జాతరకు ఒప్పుకుని తాంబూలం పుచ్చుకునేటప్పుడే పిల్లలకు ప్యాకెట్ ఇవ్వకూడదని చెప్పడం మా మేళానికి కట్టుబాటయింది. మరుసటి ఏడు చుట్టుపక్కల మేళాలూ అదే మాట అన్నాయి. టీచరమ్మ సాయంత్రాలు అన్నను కూర్చోబెట్టి చదివించింది. అన్న లెక్కల్లో ఒకసారి తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కాడు. ఇప్పుడు కుప్పంలో రైల్వే ఉద్యోగం చేసుకుంటున్నాడు, ప్యాకెట్ జోలికి మళ్ళీ పోలేదు.

ఆ రోజుల్లో ఇచ్చేవాడి మొహం కనిపించేది, మొహం మీదే వద్దనే వీలుండేది. ఇప్పుడు ఎవరు ఇస్తున్నారో, ఏ జేబులో ఏముందో తెలియదు. అయినా పిల్లల పక్కన ఒక పెద్ద మనిషి గట్టిగా నిలబడితే చాలునన్న నమ్మకం నాకు పోలేదు. మొన్న మా ఊరి జాతరకు వెళితే డీజే పెట్టెలు మోగుతున్నాయి. మా మేళం ఇళ్ళ పిల్లలంతా చదువుకుని, ఒకడు టీచరుగా, ఒకడు కండక్టరుగా, ఒకమ్మాయి నర్సుగా తలా ఒక ఊళ్ళో స్థిరపడ్డారు. పలక కాచేవాళ్ళు, పట్టేవాళ్ళు మాలో ఇప్పుడెవరూ లేరు. దానికి సంతోషించాలో బాధపడాలో తెలియక, ఆ పెట్టెల హోరులో చాలాసేపు అలాగే నిలబడిపోయాను.