సర్వర్ మరిచిపోయిన నాలుగో నంబర్

చెరకు రైతులకు కోత వంతులు చెప్పే వెబ్‌సైట్ నేనే రాశాను. నిజామాబాద్‌లో, మందుల దుకాణం పైనున్న అద్దె గదిలో, ఒక్కణ్నే కూర్చుని. పెద్ద మొనగాణ్ననుకున్నాను. ఫోన్‌లో నంబర్ ఐదు లోపలికి వస్తే రైతు చెరకు కొట్టాలి, మర్నాడు మిల్లు లారీ వస్తుంది. కొట్టిన చెరకు పొలంలోనే ఉండిపోతే ఎండి పనికిరాకుండా పోతుంది.

మొదలుపెట్టిన వారంలోనే సర్వర్ మెమరీ నిండిపోయి పొద్దున పదిన్నరకల్లా ఆగిపోసాగింది. మెమరీ రెండింతలు చేయించాను. అయినా పన్నెండుకు ఆగింది. ఆగినప్పుడల్లా మళ్లీ స్టార్ట్ చేశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, వంతుల జాబితాను డిస్కులో రాయించకుండా మెమరీలోనే ఉంచాను, వేగంగా ఉంటుందని. స్టార్ట్ చేసిన ప్రతిసారీ అదంతా చెరిగిపోయేది. పేర్లు పోయినవాళ్లు మళ్లీ నమోదు చేసుకుంటారులే అని సర్దిచెప్పుకున్నాను.

ఇలా ఆగడం మొదలైన మూడో రోజు రెంజల్ నుంచి ఒక అవ్వ ఫోన్ చేసింది. "లారీ రాలే బిడ్డా. చెరుకు కొట్టి రెండు దినాలాయె."

బండి మీద పోయాను. కొట్టిన చెరకు పొలం నిండా పడి ఉంది, ఆకులు అప్పటికే చుట్టుకుపోయాయి. అవ్వ కొంగుముడి విప్పి ఫోన్ చూపించింది. నాలుగో నంబర్.

"గీ పేజీ ఎప్పటిసంది తెరిచున్నదవ్వా?"

"మొన్నటిసంది. బంద్ చేస్తే నంబర్ పోదా? యూరియా లైన్ల చెప్పులిడిసి నీడకు పోతం గద, చెప్పులు తీస్తే జాగ పాయె. మా ఊరోళ్లందరు గిట్లనే వెట్టుకున్నరు."

అప్పుడు తెలిసింది నా తప్పు. తెరిచి ఉన్న ప్రతి పేజీ పది సెకన్లకోసారి సర్వర్‌ను వంతు అడుగుతుంది. అడిగినప్పుడల్లా నా ప్రోగ్రాం ఆ మనిషి వివరాలను మెమరీలో కొత్తగా పెట్టుకుంటుంది, పాతవి వదలదు. జాబితాలో పేరు దొరక్కపోతే పేజీ పాత నంబర్‌నే చూపిస్తూ ఉంటుంది. పరీక్షించినప్పుడు నేను చూసిన వెంటనే మూసేసేవాణ్ని, అందుకే ఏదీ బయటపడలేదు. సరిచేయడానికి నాలుగు లైన్లు రాస్తే చాలు.

"ఇగ లారీ వస్తదా?" అవ్వ అడిగింది.

జాబితా తెరిచి చూశాను. ఆమె పేరు లేదు. ఇప్పుడు చేర్చినా చివరన పడుతుంది, ముందు మండలమంతా ఉంది.

"రాదవ్వా. నీ నంబర్ నేనే పోగొట్టిన."

అవ్వ నా మొహం చూసింది, తెర మీది నాలుగును చూసింది. నమ్మలేదు. పేజీ మూయకుండా, చార్జింగ్ అయిపోవస్తోందని గబగబా ఇంటివైపు నడిచింది.