రాములమ్మ నూనె గ్లాసు

ఆలివ్ నూనె పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పాపం, ఆ నూనె నన్నేమీ చేయలేదు. రోజూ దాంతో వండుకు తినొచ్చా అని ఎవరైనా అడిగితే నిక్షేపంగా తినొచ్చనే చెబుతాను. ఒక పెద్ద డాక్టరు నా ఎదుటే ఆ మాట అన్నాడు. ఆయన చెప్పిన మిగతా సగం మాట మేం వినేసరికి మా మూడో అంతస్తులో జరగాల్సిన అన్యాయం జరిగిపోయింది. అదీ నా మంట.

రాములమ్మది నల్గొండ జిల్లా మర్రిగూడ పక్కన ఒక పల్లె. కరువు పట్టిన ఏడాది భర్త రామస్వామితో కలిసి ఎల్.బి.నగర్ అవతల బస్తీకి వచ్చింది. అతను కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ. ఆమె మొదట చైతన్యపురిలో ఒక గుడివాడ వాళ్ళింట్లో అంట్లు తోమింది. ఆ ఇంటి పెద్దావిడ మంచాన పడ్డాక, ఆవిడ పడుకునే చెబుతుంటే వంట నేర్చుకుంది. మూడేళ్ళు తిరిగేసరికి గుత్తివంకాయ, పనసపొట్టు కూర మా ఏలూరు వాళ్ళకంటే బాగా చేసేది. అలా చైతన్యపురిలోనే ఉన్న మా అపార్టుమెంటుకు వచ్చి, నాలుగిళ్ళలో పన్నెండేళ్ళు వంట చేసింది. నాలుగిళ్ళూ మా ఆంధ్ర వాళ్ళవే.

మెచ్చుకుంటే మాత్రం ఊరుకునేది కాదు. "మీ చింతపండుకో దండం టీచరమ్మా. గింత పులుపు మా ఊర్లె బిందెలు తోమనీకె వాడ్తం" అని నవ్వేది. నేను సర్కారు బళ్ళో పంతులమ్మగా రిటైరయ్యాను. నా పేరు సూర్యప్రభ అని ఆమెకు తెలుసో లేదో. ఎప్పుడూ టీచరమ్మనే.

ఆమెకు ఒక అలవాటుండేది. వంటకు కుదిరిన ప్రతి ఇంటికీ తనదే ఒక చిన్న స్టీలు గ్లాసు తెచ్చి పెట్టుకునేది. రాగానే ఆ రోజుకు కావలసిన నూనె అందులో వంచుకుని, డబ్బా మూత బిగించి పై అరలో పెట్టేసేది. కూరకైనా, తిరగమోతకైనా ఆ గ్లాసులోదే. అయిపోతే అయిపోయినట్టే, డబ్బా మళ్ళీ కిందికి దిగేది కాదు. ఒకసారి దొండకాయ వేపుడులోకి ఇంకాస్త వెయ్యమని బతిమాలాను.

"మా అమ్మ సంతల కొన్న నూనె వారం దినాలు రావాలె. పొద్దుగాలనే ఇంత తీసి పక్కకు పెట్టేది. డబ్బ ముంగటుంటె చెయ్యి ఆగదు టీచరమ్మా" అంది. నా దొండకాయలు ఆ పూట సగం వేగి సగం ఉడికాయి. నాకు కోపం వచ్చింది కానీ ఆమె మీద పెత్తనం చేసే ధైర్యం ఆ నాలుగిళ్ళలో ఎవరికీ లేదు.

మా ఎదురు ఫ్లాటు జోగారావుగారిది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరులో కెమిస్ట్రీ చెబుతాడు. తణుకు దగ్గరి వాళ్ళు. పిల్లలు లేరు, ఆయనా, భార్య నాగేశ్వరీ, అంతే. రెండువేల పదకొండు ఫిబ్రవరిలో పాఠం చెబుతూ చెబుతూ ఆయన బోర్డు పట్టుకుని కూలబడిపోయాడు. స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నాలుగు మాటలు చెప్పాడట. వేపుళ్ళు తగ్గించండి, నెయ్యి మానండి, నూనె ఏదైనా కొలతగా వాడండి, ఆలివ్ నూనెలాంటివి గుండెకు మంచివి. నాగేశ్వరి చెవికి నాలుగోది మాత్రమే ఎక్కింది.

ఆమెను ఎగతాళి చెయ్యను. ఆ వారం రోజులూ ఆస్పత్రి వరండాలో చీర కొంగు నోట్లో కుక్కుకుని ఎలా కూర్చుందో నేను చూశాను. ఆ మనిషికి భర్త తప్ప లోకం లేదు. డిశ్చార్జి అయిన రోజే ఐదు లీటర్ల ఆలివ్ నూనె డబ్బా ఇంట్లో దిగింది. వారపత్రికల్లోంచి కత్తిరించిన కాగితాలు ఫ్రిజ్ తలుపు మీదికెక్కాయి. మెట్ల మీద ఎవరు కనిపించినా ఆలివ్ పురాణమే. నాకు చిరాకేసేది.

"ఇదేందమ్మా, ఆవాలు చిటపటమనకముందే పొగొస్తున్నది? పచ్చి ఆకు నలిపినట్టు వాసన" అని రాములమ్మ మొదటి రోజే అంది.

"అది మందు రాములమ్మా, వాసన చూడకూడదు" అంది నాగేశ్వరి.

"మందైనా నూనె నూనెనే గదమ్మా" అని, మంట తగ్గించి వండటం అలవాటు చేసుకుంది రాములమ్మ. గ్లాసు మాత్రం పెంచలేదు. ఇద్దరికీ కలిపి చిన్న చెంచాలతో ఏడో ఎనిమిదో. నా కళ్ళతో చూశాను.

ఇంకొకటి కూడా నా కళ్ళతో చూశాను. ఏప్రిల్లో ఒక ఆదివారం వాళ్ళింట్లో నాకు భోజనం. మా వైపు అన్నంలో నెయ్యి వెయ్యకుండా మొదటి ముద్ద కలపరు. కందిపొడికొకసారి, పప్పుకొకసారి, పచ్చడికొకసారి నెయ్యి గిన్నె విస్తరి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. నెయ్యి మానమన్నారు కదా, నాగేశ్వరి ఆ గిన్నె కడిగి దాన్నిండా ఆలివ్ నూనె పోసింది. నెయ్యైతే చెంచాతో వేసేది, ఇది గుండెకు మంచిది కదా అని గరిటెతో వంచింది. కందిపొడిలో ఒక గరిటె, పప్పులో ఒకటి, గోంగూరలో ఒకటి. "ఇంకొంచెం వెయ్యనా అండీ, ఒంటికి మంచిది" అని ఆయనను బుజ్జగించింది. సాయంత్రం అదే నూనెలో అప్పడాలు వేయించింది, గారెలు కూడా. ఆరోగ్యం కదా మరి.

నా విస్తట్లో కూడా ఒక గరిటె పడింది. మెరుస్తున్న ఆ అన్నం మారుమాట్లాడకుండా తినేసి, బాగుందమ్మా అని వచ్చాను. ఆమె దృష్టిలో తాను పోసేది నూనె కాదు. వంటింట్లో రాములమ్మ పోసేదే నూనె.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, ఆటోలు దొరికితే దొరికినట్టు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. రాములమ్మ ఎల్.బి.నగర్ నుంచి పండ్ల మార్కెట్ మీదుగా చైతన్యపురి దాకా రోజూ నడిచి వచ్చింది. ఒక్క పూట మానలేదు. సాయంత్రాలు మా మేడ మీద మగవాళ్ళంతా చేరి రాష్ట్రం విడిపోతే మనల్ని ఉండనిస్తారా, ఫ్లాట్లు అమ్ముకోవాలా అని గుసగుసలాడేవారు. రాములమ్మ మెట్ల మీద కనిపిస్తే మాట మార్చేవారు. ఆమె వండిన కూర తిని వచ్చి, ఆమెను చూసి మాట మార్చడం!

అక్టోబరు మొదట్లో జోగారావుగారి రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. కొవ్వు తగ్గకపోగా పెరిగింది. ఆ మర్నాడు పొద్దున్నే తోడు పెరుగు కోసం నేను వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళేసరికి నాగేశ్వరి ఖాళీ నూనె డబ్బా బోర్లించి పట్టుకుని నిలబడి ఉంది. కేకలకు పక్క ఫ్లాట్ల వాళ్ళు బయటికొచ్చారు.

"చూడండక్కయ్యగారూ! ఐదు లీటర్ల డబ్బా, నెల తిరగలేదు. ఇద్దరం మనుషులం. ఏమైపోయినట్టు? మొన్న ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఉద్యమంవాళ్ళ వంటావార్పు అట, ఈవిడగారే పెద్ద వంటమనిషట! టీవీలో చూపించారు."

"వండిన" అంది రాములమ్మ. కొంగు నడుముకు దోపుకుంది. "రోడ్డు మీద పొయ్యి పెట్టి మూడు నూర్ల మందికి పప్పుచారు వండిన. దాచుకునేదేముంది? నూనె మా బస్తీ షాపాయన ఇచ్చిండు, పల్లి నూనె. మీ నూనె నాకెందుకమ్మా? గా వాసనకు మా బస్తీల ఒక్కలు ముట్టరు."

"మరి ఆయన రిపోర్టు ఎందుకలా వచ్చింది? మా డబ్బాలోది పట్టుకుపోయి, ఇక్కడ ఏ చెత్త నూనెతో వండుతున్నావో! మేమంటే మీకు కడుపుమంట. మమ్మల్ని పొమ్మంటూనే ఉన్నారుగా రోడ్లమీద!"

రాములమ్మ ముఖం నల్లబడింది. ఆమెకు సమాధానం చెప్పడం మానేసి నావైపు తిరిగింది. "టీచరమ్మా, నా గ్లాసు సంగతి మీకెరికే గద. జర చెప్పున్రి."

అందరూ నన్నే చూశారు. నాకు గ్లాసు సంగతి తెలుసు, గరిటె సంగతీ తెలుసు. నెయ్యి గిన్నెలో ఏముందో నాగేశ్వరిని అడిగితే సరిపోయేది. ఒక్క మాట. కానీ ఆ రోజుల్లో మా వాళ్ళమంతా ఒకరికొకరు అతుక్కుని బతుకుతున్నాం. నలుగురిలో నాగేశ్వరి మాట కాదని రాములమ్మ పక్కన నిలబడితే రేపు మేడ మీద నా గురించి ఏమనుకుంటారో అని జంకాను. ఇంత పిరికిదాన్ని నేను.

"ఇప్పుడీ గొడవెందుకు, రెండ్రోజులు పోయాక మాట్లాడుకుందాం" అన్నాను.

రాములమ్మ చెప్పులేసుకుని దిగిపోయింది. వారం తిరక్కుండా మిగతా రెండిళ్ళ వాళ్ళూ ఆమెను మాన్పించారు. చేతివాటం మనిషని వాచ్‌మన్‌ దాకా పాకింది. పక్క వీధిలో ఎక్కడ పని అడిగినా ముందు మా అపార్టుమెంటుకు ఫోన్ చేసి కనుక్కునేవాళ్ళు. పన్నెండేళ్ళ పేరు పది రోజుల్లో పోయింది. నా ఇంటికి మాత్రం వస్తూనే ఉంది. గ్లాసులో నూనె వంచుకునేది, వండేది, వెళ్ళేది. చింతపండు మీద జోకులు లేవు. ఆ విషయం ఎత్తడం లేదు కదా అని నేను లోలోపల సంతోషించాను. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నాగేశ్వరి వంట తనే మొదలుపెట్టింది. డబ్బా మళ్ళీ నెలలోపే ఖాళీ అయింది. ఇప్పుడెవరు పట్టుకుపోయారని నేను మనసులో అరిచాను, పైకి కాదు. నవంబరు చివర డాక్టరు దగ్గరికి తోడు రమ్మంటే వెళ్ళాను. జోగారావుగారు ఆరు కిలోలు పెరిగాడు. డాక్టరు కాగితాలు తిరగేసి, "నెలకు నూనె ఎంత వాడతారమ్మా?" అని అడిగాడు.

"ఐదు లీటర్లండీ. అంతా ఆలివే" అంది నాగేశ్వరి గర్వంగా.

డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "ఎంతమందికి?"

"ఇద్దరికి."

"ఆలివ్ నూనె రోజూ వాడండి, నేనే చెప్పాను, మంచిదే. నెయ్యి బదులు వాడమన్నాను గానీ తాగమనలేదు కదమ్మా! మనిషికి రోజుకు మూడు నాలుగు చిన్న చెంచాలు. కూర, తిరగమోత, అన్నంలోది అన్నీ కలిపి. ఏ నూనె అయినా కొవ్వే. ఎంత మంచిదైనా గరిటెలతో పోస్తే ఒళ్ళు పెరగక ఏమవుతుంది?"

"గ్రాముకు తొమ్మిది కేలరీలు, ఏ నూనెకైనా" అని గొణిగాడు జోగారావుగారు. "ఏటా పిల్లలకు చెప్పే పాఠమే."

తిరిగి వస్తూ మూసారాంబాగ్ దాటాక నాగేశ్వరి కిటికీలోంచి చూస్తూ, "రాములమ్మను మళ్ళీ రమ్మంటానండీ. కొలతగా వండేది" అంది. అంతే! వేసిన నింద సంగతేమిటని అడగబోయాను. ఈసారీ మింగేశాను.

మర్నాడు రాములమ్మ నా వంటింట్లో ఉండగా నాగేశ్వరి వచ్చి గుమ్మంలో నిలబడింది. "రాములమ్మా, రేపట్నుంచి వచ్చెయ్. జరిగిందేదో జరిగింది. నువ్వు గ్లాసులో పోసినంతే వాడదాం. డాక్టరు కూడా అదే చెప్పాడు."

"నా గ్లాసు ఉన్నదా అమ్మా?"

"అక్కడే ఉంది, భద్రంగా ఉంది."

"జర తెచ్చియ్యున్రి."

నాగేశ్వరి సంబరంగా పరుగెత్తి తెచ్చింది. రాములమ్మ దాన్ని సంచిలో వేసుకుంది. "అందరి ముంగట అన్నరు. అందరినీ పిలిచి, తప్పు నాదే అని చెప్పున్రి. గప్పుడు ఒస్త."

"అవన్నీ ఇప్పుడు తవ్వుకోవడమెందుకే? మనలో మనకి" అంది నాగేశ్వరి. రాములమ్మ కూర కలపడానికి స్టవ్ వైపు తిరిగింది. నాగేశ్వరి ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయింది.

నేను ఇక ఆగలేకపోయాను. "నేను చెబుతాను రాములమ్మా! ఈ సాయంత్రమే ఇంటింటికీ వెళ్ళి చెబుతాను. ఆ గరిటె సంగతి నేను ఏప్రిల్లోనే చూశాను."

ఆమె చేస్తున్న పని ఆపి నన్ను చూసింది. కోపంగా కూడా లేదు.

"గిప్పుడా? డాక్టరు చెప్పినంక ఎవలన్న చెప్తరు టీచరమ్మా. గామె తెల్వక అన్నది. మీకు ఎరికుండి సప్పుడు జెయ్యలే."

కూర దించి మూత పెట్టింది. స్టవ్ తుడిచింది. నా ఇంట్లో ఉన్న గ్లాసులో మిగిలిన చెంచాడు నూనె జాగ్రత్తగా నా డబ్బాలో వంచి, గ్లాసును సబ్బుతో కడిగి, కొంగుతో తుడిచి, అది కూడా సంచిలో వేసుకుంది. ఎక్కడికి, ఎందుకు, ఇంకొక్కసారి ఆలోచించు అని వెనకాలే మెట్ల దాకా వెళ్ళాను. "పోతున్న టీచరమ్మా" అని దిగిపోయింది.

ఆ సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. అయ్యో పాపం అన్నారు, కాఫీ ఇచ్చారు. రాత్రికి చారు తిరగమోతకు నూనె డబ్బా నేనే దించి నేరుగా మూకుట్లోకి వంచాను. ఎంత పడిందో నాకు తెలియలేదు.